ఉల్లికాడలు కార్డు టెస్ట్‌లో ఫెయిలయ్యాయి, మందే కొట్టలేదు!

చేవెళ్ల రైతు:
ఎకరంన్నరలో బెండ, వంగ, ఉల్లికాడలు వేస్తాను. ఆదివారాలు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర అమ్ముతాను. పోయిన వారం వాళ్లు కూరగాయల్లో పురుగుమందు ఉందో లేదో చూసే కార్డు టెస్ట్ పెట్టారు. బెండ పాసైంది, ఉల్లికాడలు ఫెయిల్. వాటి మీద ఒక్క చుక్క మందు కొట్టలేదు. అందరి ముందూ తలదించుకున్నాను. ఆ కార్డును నమ్మొచ్చా?

ల్యాబ్ అక్క:
బాధపడకండి అన్నా. కార్డులో ఒక ఎంజైమ్ ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ అనే రకాల పురుగుమందులు దాన్ని పనిచేయనివ్వవు. మందు లేకపోతే కార్డు నీలంగా మారుతుంది, మందు ఎక్కువగా ఉంటే తెల్లగానే ఉండిపోతుంది. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు కూడా ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అందుకే మందు లేకున్నా ఫెయిల్ చూపిస్తుంది. కాడలు తరగకుండా అలాగే ద్రావణంలో ఊపి తీయమనండి. పక్కన ఉత్త ద్రావణంతో ఇంకో కార్డు పెట్టాలి. అదీ నీలం కాకపోతే కార్డే పాడైనట్టు.

కొనే మనిషి:
మరి పాసైన బెండ తినొచ్చా?

ల్యాబ్ అక్క:
అంత నిశ్చింత వద్దండి. సైపర్‌మెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి వేరే రకాల పురుగుమందులు ఈ కార్డుకు దొరకవు. వాటిని ఏ మందు ఎంత ఉందో విడదీసి చూపే ఎల్‌సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ యంత్రాలున్న ల్యాబ్‌లోనే తేల్చాలి.

చేవెళ్ల రైతు:
నిజం చెప్తాను, పచ్చదోమకు బెండ మీద ఇమిడాక్లోప్రిడ్ కొట్టాను. లేబుల్ మీద రాసినన్ని రోజులు ఆగే కోశాను. ఏ రోజు ఏం కొట్టానో రాసుకున్న నోట్‌బుక్ ఈ ఆదివారం వాళ్లకు చూపిస్తాను.