1996 మారుతి 800 డోర్ ప్యాడ్లు: రెగ్జిన్ జిడ్డు, పగులు, కింద ఉబ్బు. బాగుచేయొచ్చా, మార్చాల్సిందేనా?

బెజవాడ_800:
నమస్కారమండీ. బండి 1996 మోడల్ మారుతి 800, చాలాకాలం ఎండలోనే ఉంది. నాలుగు డోర్ ప్యాడ్లూ (తలుపు లోపలివైపు రెగ్జిన్ తొడిగిన అట్టలు) కంపెనీవే, లేత బూడిద రంగు రెగ్జిన్. చెయ్యి ఆనించే చోటంతా నల్లగా జిడ్డు పట్టి వేలికి అంటుకుంటోంది. డ్రైవర్ వైపు ప్యాడ్ పైఅంచు దగ్గర రెండంగుళాల పగులు ఉంది. ముందు తలుపులు రెండింటికీ కింద మూడు వేళ్ల వెడల్పున అట్ట ఉబ్బి రెగ్జిన్ లేచిపోయింది. వెనక ప్యాడ్ల మీద బూజు చుక్కలు, తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. ఒకరు పెట్రోల్‌తో తుడవమంటారు, ఒకరు కొబ్బరినూనె రాయమంటారు, ఇంకొకరు అంతా పీకేసి కొత్త రెగ్జిన్ వేయించెయ్యమంటారు. వీలైనంతవరకు ఒరిజినల్ ప్యాడ్లే ఉంచాలని నా కోరిక. ఏది ముందు, ఏది తర్వాత?

రెగ్జిన్_మేస్త్రి:
పెట్రోల్ జోలికి పోకండి. కిరోసిన్, థిన్నర్, అసిటోన్ కూడా అంతే. రెగ్జిన్ అంటే పీవీసీ, అంటే వినైల్ ప్లాస్టిక్. పీవీసీ సహజంగా గట్టి పదార్థం, అందులో కలిపిన ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం వల్లే మెత్తగా వంగుతుంది. ఏళ్ల తరబడి ఎండకు, వేడికి అది మెల్లగా పైకి వచ్చి పోతుంటుంది. రెగ్జిన్ కుంచించుకుపోయేదీ, పగిలేదీ అందుకే. పెట్రోల్ ఆ మిగిలిన కాస్తనూ లాగేస్తుంది. తుడిచిన రోజు తళతళలాడుతుంది, ఆ తర్వాత బిరుసెక్కుతుంది. కొబ్బరినూనె ప్లాస్టిసైజర్ స్థానాన్ని భర్తీ చేయలేదు. పైనే ఉండి దుమ్ము పట్టి, కొన్నాళ్లకు కంపు కొడుతుంది.

జిడ్డు రెండు రకాలు. పాత పాలిష్, చెమట, దుమ్ము కలిసి పేరుకున్నదైతే సబ్బుతో పోతుంది. రెగ్జిన్ లోపలి నుంచి వస్తున్నదైతే కడిగినా మళ్లీ వస్తుంది. అరచేయంత చోటు శుభ్రం చేసి వారం వదిలేయండి, తర్వాత టిష్యూ కాగితం నొక్కి చూడండి. కాగితం పోగులు అంటుకుంటే రెండో రకం. దాన్ని అప్పుడప్పుడు కడుగుతూ ఉండటమే తప్ప శాశ్వతంగా ఆపే మందు లేదు.

కడగడం ఇలా: లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక టీ స్పూను గిన్నెలు తోమే లిక్విడ్. మెత్తని నైలాన్ బ్రష్, కుట్ల మధ్యకు పాత టూత్ బ్రష్. నీళ్లు పోయొద్దు, నురగతోనే పని. కుట్టు రంధ్రాల్లోంచి నీరు దిగితే వెనకున్న హార్డ్‌బోర్డ్ తాగేస్తుంది. ఒకసారికి అడుగు చదరం మాత్రమే తీసుకుని, గుండ్రంగా రుద్ది, నురగ ఆరేలోపు మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తేయండి. ఆరనిస్తే కరిగిన మురికి రెగ్జిన్ మీది తోలులాంటి సన్నని గింజల సందుల్లో తిరిగి పట్టేస్తుంది. తర్వాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో రెండుసార్లు తుడవాలి. సబ్బు మిగిలితే అదీ జిడ్డే.

అప్పటికీ పోని నలుపుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డ మీద వేసుకుని తేలిగ్గా తుడవండి. ముందు కనపడని మూల పరీక్షించాలి. గుడ్డకు రెగ్జిన్ రంగు వస్తే ఆపేయండి. మ్యాజిక్ స్పాంజ్ వద్దు, అది సన్నని గరుకు కాగితంతో సమానం, గింజలు అరిగి మచ్చలా మెరుస్తుంది. పాత బాల్‌పెన్ సిరా, జీన్స్ నీలం రెగ్జిన్ లోపలికి ఇంకిపోయి ఉంటాయి, పూర్తిగా రావు.

బూజుకు తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి పది నిమిషాలు ఉంచి తుడవండి. బ్లీచింగ్ కుట్టు దారాన్ని తినేస్తుంది. చుక్కలు గులాబీ రంగులో ఉంటే ఆశ పెట్టుకోకండి, ఆ రంగు పీవీసీలోకే దిగిపోయి ఉంటుంది.

ఓరుగల్లు_గ్యారేజ్:
అన్నా, పైపైన ఎంత కడిగినా కింద ఉబ్బు, వాసన పోవు. నీళ్లు తలుపు లోపలి నుంచి వస్తున్నాయి. వానకు గాజు పక్కనుంచి కొంత నీరు తలుపులోకి దిగడం ఏ కారుకైనా మామూలే, కింద రంధ్రాల్లోంచి అది బయటికి పోవాలి. మట్టితో అవి పూడుకుపోతాయి, లేదా ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీట్ చిరిగి ఉంటుంది. అప్పుడు నీరంతా అట్టకే.

ప్యాడ్ తీసేటప్పుడు ముందు గాజు పూర్తిగా పైకెత్తి, హ్యాండిల్ ఏ కోణంలో ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకో. హ్యాండిల్ వెనక తీగ క్లిప్ ఉంటుంది. సన్నని గుడ్డ పీలిక హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య దూర్చి అటూఇటూ లాగితే క్లిప్ ఎగిరి వస్తుంది, చేత్తో అడ్డుపెట్టు. తర్వాత చెయ్యి పట్టుకునే పిడి స్క్రూలు, లోపలి లాక్ చుట్టూ ఉన్న ముక్క. ఆ తర్వాతే ప్యాడ్ క్లిప్పులు. ప్యాడ్ అంచు పట్టుకుని గుంజొద్దు. నానిన అట్టలో క్లిప్ రంధ్రమే చిరిగిపోతుంది. చెంచాలాంటి వెడల్పు పట్టీ సరిగ్గా క్లిప్ పక్కనే పెట్టి లేపాలి.

కింది రంధ్రాలు తీగతో పొడిచి, మగ్గు నీళ్లు లోపల పోసి కారుతున్నాయో లేదో చూడు. షీట్ చిరిగితే 100 నుంచి 150 మైక్రాన్ల పాలిథిన్ కోసి బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) అంటించు. కింది అంచు తలుపు లోపలికి దూర్చాలి, బయటికి వేలాడితే నీళ్లు నేరుగా ప్యాడ్ మీదకే వస్తాయి. చాలా షాపుల్లో పని తొందరలో ఈ షీట్ పీకి పారేస్తారు, దగ్గరుండి చూసుకో.

ఉబ్బిన హార్డ్‌బోర్డ్ ఆరినా మళ్లీ చదునుకాదు. ఒత్తితే పొరలుగా విడిపోతుంటే కొత్త బోర్డే. 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డ్ మీద పాతది పెట్టి గీసి, క్లిప్ రంధ్రాలతో సహా కోయించి, వెనకవైపూ అంచులూ రెండు కోట్లు వార్నిష్ కొట్టు. అంచుల్లోంచే నీరు ఎక్కువ ఎక్కుతుంది.

నా సలహా అయితే ముందు తలుపుల ప్యాడ్లు రెండూ కొత్త రెగ్జిన్‌తోనే కట్టించు. ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డ రెగ్జిన్ పాత అట్ట నుంచి చిరగకుండా రావడం కష్టం.

రెగ్జిన్_మేస్త్రి:
అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. కంపెనీ ప్యాడ్ల మీద నొక్కి అతికిన గీతల డిజైన్ కుషన్ షాపులో రాదు, బదులుగా కుట్టు వేస్తారు. ఒకసారి పీకితే పోయినట్టే. బోర్డు పైభాగం గట్టిగా ఉంటే రెగ్జిన్ అక్కడ కదపకుండా, చెడిన కింది భాగం వరకే కోసి కొత్త బోర్డు ముక్క పెట్టండి. అతుకు వెనక రెండంగుళాల పట్టీ అంటిస్తే నిలుస్తుంది.

లేచిన అంచు కుంచించుకుపోయి అందకపోతే హెయిర్ డ్రయర్ జానెడు దూరంలో పెట్టి చెయ్యి ఓర్చుకునేంత వేడి చేసి, మెల్లగా లాగండి. హాట్ గన్ వద్దు, గింజలు కరిగి నున్నగా అవుతాయి. పాత గమ్ గీకేసి, ఫెవికాల్ ఎస్ఆర్ 998 గమ్ రెండువైపులా పల్చగా పూసి, వేలికి అంటని దశ వచ్చాక, దాదాపు 10 నుంచి 15 నిమిషాలకు, నొక్కండి. తడిగా ఉండగానే మూస్తే లోపల చిక్కిన ద్రావకం రెగ్జిన్‌ను ఉబ్బించి ముడతలు తెస్తుంది. రాత్రంతా క్లిప్పులు బిగించి ఉంచండి. షాపువాళ్లు స్టేప్లర్ గన్ పిన్నులు కొడతామంటే పిన్ను పొడవు చూడండి, 6 మిల్లీమీటర్లదైతే 3 మిల్లీమీటర్ల బోర్డు దాటి ముందుకు పొడుచుకొస్తుంది.

పగులు కుట్టు మీద లేకపోతేనే ఫిల్లర్ (పగులు పూడ్చే పేస్టు) పని. లేచిన అంచులు కత్తిరించి, ఆల్కహాల్‌తో తుడిచి, పగులుకన్నా అన్నివైపులా సెంటీమీటరు పెద్దదిగా పల్చని నూలు గుడ్డ కిందకు దూర్చి, ఆరాక కూడా వంగే గమ్‌తో అంటించండి. పైన వినైల్ ఫిల్లర్ పల్చటి పొరలుగా వేయాలి, ఒక్కో పొర ఆరాకే ఇంకొకటి. మందంగా ఒకేసారి వేస్తే ఆరేటప్పుడు కుంగి గుంట పడుతుంది. కుట్టు మీద చిరిగితే ఫిల్లర్ నిలవదు, విప్పి మళ్లీ కుట్టాల్సిందే.

బెజవాడ_800:
చాలా థాంక్సండీ. ఫిల్లర్ వేసిన చోట రంగు తేడా ఎలాగూ తెలుస్తుంది కదా. మామూలు స్ప్రే డబ్బా కొట్టొచ్చా? కొత్త రెగ్జిన్ తప్పకపోతే ఎంత కొనాలి?

రంగుల_డబ్బా:
మామూలు స్ప్రే ఆరాక బిగుసుకుని, రెగ్జిన్ వంగిన చోటల్లా పెచ్చులు లేస్తుంది. ఇనుము మీద కొట్టే ఎనామిల్ ఇంకా దారుణం, రెగ్జిన్‌లోని ప్లాస్టిసైజర్ దాన్ని మెత్తబరుస్తూ ఉంటుంది కాబట్టి నెలలైనా జిగురుగానే ఉంటుంది. వినైల్‌కూ లెదర్‌కూ అని అమ్మే, వంగే గుణమున్న నీటి ఆధారిత రంగు తీసుకోండి. పాత సిలికాన్ పాలిష్ చుక్క మిగిలినా అక్కడ రంగు విడిపోయి గుండ్రటి కళ్లు పడతాయి. అందుకే కడిగాక ఆల్కహాల్‌తో, ప్రతిసారీ కొత్త గుడ్డ మడతతో తుడవండి. మంచులా పల్చగా మూడు నాలుగు కోట్లు, మధ్యలో 15 నిమిషాలు. వానాకాలంలో ఇంకా ఎక్కువ ఆగాలి. ముక్క మీద మాత్రమే కొడితే అతుకు కనపడుతుంది, ప్యాడ్ మొత్తం ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు వరకు కొట్టండి. రెండు మూడు రోజులు చెయ్యి ఆనించకండి. మెరుపు పాలిష్‌లు ఇక వద్దు, అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే, మెరుపు లేని నీటి ఆధారిత డ్రెస్సింగ్ చాలు.

రెగ్జిన్ వెడల్పు సాధారణంగా 54 అంగుళాలు. పక్కపక్కన రెండు ప్యాడ్లు పట్టేలా కోస్తే నాలుగింటికీ సుమారు రెండున్నర మీటర్లు, ముందు ప్యాడ్లు రెండింటికే అయితే మీటరుంపావు. మడత అంచుకు చుట్టూ అంగుళం కలిపి కొలుచుకోండి. ఆటోనగర్ కుషన్ షాపులో అడిగేటప్పుడు వెనకవైపు తిప్పి చూడండి. బనియన్ గుడ్డలా అల్లిక ఉన్నది సాగుతుంది, వంపుల దగ్గర ముడత పడదు. నేత గుడ్డ ఉన్న చౌక రకం మూలల్లో లేస్తుంది. రంగు పోల్చడానికి ఎండ తగలని ముక్క, పిడి కింద దాగి ఉన్న చోటిది, పట్టుకెళ్లండి.