95 కాప్రిస్‌కి పోజీ ఇరుసు: ఎక్కడ దొరుకుతుంది, ఏది పడుతుంది?

కొలంబస్_కాప్రిస్
అందరికీ నమస్కారం. నాది 1995 షెవ్రొలె కాప్రిస్ కారు. ఎల్‌టీ1 ఇంజను, వెనక డ్రమ్ బ్రేకులు, 2.56 గేరు (చక్రాలు ఒక్కసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ 2.56 సార్లు తిరగాలి). డిక్కీ మూత కింద స్టిక్కరంతా వెతికాను, ఫ్యాక్టరీ పోజీకి గుర్తయిన జి80 కోడ్ లేదు. వాన పడితే సిగ్నల్ దగ్గర కుడి చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంది, ఇంత పెద్ద బండీ అక్కడే నిలబడిపోతుంది. లిమిటెడ్ స్లిప్, అదే పోజీ, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి కూడా బలం పంపే ఇరుసు వేయిద్దామనుకుంటున్నాను. జంక్‌యార్డులో ఏ బండ్ల కింద చూడాలి? ఇరుసు మొత్తం మార్చాలా, లోపల గేర్లను పట్టి ఉంచే క్యారియర్ ఒక్కటి మారిస్తే చాలా? డిస్కు బ్రేకుల ఇరుసు దొరికితే ఇంకేం మార్చాల్సి వస్తుంది?

బఫెలో_బాబాయ్
తమ్ముడూ, ఈ బండిని చలికాలంలో కూడా నడుపుతావా? అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకో. నా 1972 ఓల్డ్స్‌మొబైల్ డెల్టా 88లో ఫ్యాక్టరీ ఆంటీ-స్పిన్ ఇరుసు ఉంది, ఓల్డ్స్ వాళ్లు పోజీకి పెట్టుకున్న పేరు అది. మంచులో కూరుకుపోతే బయట పడేస్తుంది, కాదనను. కానీ వంతెన మీద ఐసు తగిలిందంటే వెనక చక్రాలు రెండూ ఒకేసారి పట్టు వదిలేస్తాయి, తోక పక్కకి తిరిగిపోతుంది. మామూలు ఇరుసులో ఒక చక్రం జారినా రెండోది బండిని దారిలో పట్టి ఉంచుతుంది. ముందు నాలుగూ వింటర్ టైర్లు వేయించు, పోజీ సంగతి తర్వాత.

మోపార్_మావయ్య
నా 1968 ప్లిమత్ ఫ్యూరీలో క్రైస్లర్ 8¾ ఇరుసు. దాన్ని మించింది లేదు. యాక్సిల్స్ రెండూ లాగి, డ్రైవ్‌షాఫ్ట్ విప్పి, ముందువైపు పది నట్లు తీస్తే గేర్లతో సహా మధ్య ముద్దంతా చేతికొచ్చేస్తుంది. బండి కింద పడుకుని లోపలి పని చేయక్కర్లేదు, బల్ల మీద పెట్టుకుని చేసుకోవచ్చు. కేసు మీద పోత నంబరులో చివరి మూడంకెలు చూడండి: 741, 742, 489. పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) కాడ మందం మూడింటికీ వేరు, ఒకదాని గేర్లు ఇంకోదాన్లో పట్టవు. పాత క్లచ్ రకం షూర్-గ్రిప్ (క్రైస్లర్ వాళ్ల పోజీ) దొరికితే వదలకండి, అరిగినా ప్లేట్లు మార్చుకోవచ్చు. 1969లో వచ్చిన కోన్ రకానికి ఆ వీలు లేదు.

కొలంబస్_కాప్రిస్
మావయ్య గారూ, నాది వెనక మూత ఉన్న జీఎం 8.5 అంగుళాల టెన్-బోల్ట్. ముందు నుంచి ఊడి వచ్చే రకం కాదు. దయచేసి దాని సంగతి చెప్పండి.

అర్లింగ్టన్_అన్న
నీకు కావాల్సింది 1994–96 ఇంపాలా ఎస్ఎస్ కింద ఉంది. జి80 ఫ్యాక్టరీ నుంచే, గేరు 3.08, వెనక డిస్కులు. ఆ కార్లు మా ఊరి ప్లాంటులోనే కట్టారు, 96తో ఆపేసి ప్లాంటును ట్రక్కులకి మార్చేశారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే బాధగానే ఉంటుంది నాకు. రిటైరైన పోలీసు కాప్రిస్‌లు, అంటే 9సి1లు కూడా చూడు. అయితే వాటికి జి80 ఆప్షను మాత్రమే, ప్రతి పోలీసు బండిలోనూ ఉంటుందనుకోవద్దు.

క్యారియర్ ఒక్కటే మారుస్తానంటే నీ 2.56 గేరుతో కుదరదు. 8.5లో 2.56, అంతకు తక్కువకి ఒక క్యారియర్, 2.73 నుంచి పైకి ఇంకొకటి. బయట దొరికే పోజీలు ఎక్కువగా రెండో రకం. ఇరుసు మొత్తం తెచ్చుకో. ఇంకో మాట, నీ బండికి స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ తోక దగ్గరుంటుంది. 3.08 వేశాక కంప్యూటర్లో గేరు మార్పించకపోతే మీటరు 20 శాతం ఎక్కువ చూపిస్తుంది. 60లో వెళ్తుంటే 72 అంటుంది. గేరు మార్చే టైమింగ్ కూడా తేడా వస్తుంది.

నాష్‌విల్_నట్టు
స్టిక్కరు ఫ్యాక్టరీలో ఏం బిగించారో చెబుతుంది, ముప్ఫై ఏళ్ల తర్వాత ఇప్పుడు కింద ఏముందో చెప్పదు. యార్డులో నేను చేసేది ఒకటే. వెనక రెండు చక్రాలూ గాల్లో ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఒక చక్రం చేత్తో తిప్పు. రెండోది అదే వైపు తిరిగితే పోజీ. ఎదురు తిరిగితే మామూలు ఇరుసు, వదిలేసి పక్క బండికి వెళ్లిపో.

టోలెడో_టార్క్
ఈ సగం మాట వల్లే మంచి ఇరుసులు ఇనుప సామాను కింద పోతున్నాయి. క్లచ్ ప్లేట్లు అరిగిన పోజీ కూడా ఎదురే తిరుగుతుంది. నేను ఏళ్ల తరబడి గేర్లు సెట్ చేసే పనిలోనే ఉన్నాను, ఇలా "మామూలుది" అని పారేసినవి ఎన్నో విప్పి చూశాను. లోపల బంగారం లాంటి ఈటన్ పోజీ, ప్లేట్లు మాత్రమే పోయి ఉంటాయి. మూత తీసి చూడాలి. క్యారియర్‌కున్న కిటికీలోంచి సైడ్ గేర్ల మధ్య స్ప్రింగులు కనబడితే పోజీ. అడ్డంగా ఒక పిన్నూ స్పైడర్ గేర్లూ తప్ప ఖాళీగా ఉంటే ఓపెన్.

నాష్‌విల్_నట్టు
యార్డులో బురదలో పడుకుని ప్రతి ఇరుసుకీ పది బోల్టులు విప్పి గేర్ ఆయిల్ మొహం మీద పోసుకోమంటారా? మీకు షాపు ఉంది, లిఫ్ట్ ఉంది. మాకు లేవు. అరిగిపోయిన పోజీ కొని మళ్లీ దాని మీద ఖర్చు పెట్టేవాడు ఎవడు?

టోలెడో_టార్క్
నేనే. ఎందుకంటే క్లచ్ కిట్ ఖరీదు కొత్త యూనిట్ ఖరీదులో చిన్న వంతు. కోన్ రకం అయితే మీరన్నది నిజం, అది అరిగితే అంతే. కానీ ఏ రకమో చూడకుండానే వదిలేయమని కుర్రాడికి చెబుతున్నారు మీరు, నా కోపం అదీ.

హ్యూస్టన్_హెమీ
ఇంత గొడవెందుకు? ఒక పక్క జాకీ పెట్టి లేపి, డ్రైవ్‌లో వేసి కాస్త యాక్సిలరేటర్ తొక్కండి. కదిలితే పోజీ.

టోలెడో_టార్క్
దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. పోజీ అయితే నేల మీదున్న చక్రం తిరుగుతుంది, బండి జాకీ మీంచి దూకి ముందుకు పోతుంది. ఎదురుగా గోడ ఉండొచ్చు, మనిషి ఉండొచ్చు. ఒక చక్రం లేపి చేసే టెస్టు ఉంది, కానీ ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, నేల మీది చక్రానికి అటూ ఇటూ దిమ్మలు పెట్టి చేయాలి. లేచిన చక్రాన్ని టార్క్ రెంచితో తిప్పాలి. ఫోర్డ్ వాళ్ల పోజీ, ట్రాక్షన్-లాక్‌కి కదలడానికి కనీసం 20 ఫుట్-పౌండ్లు పట్టాలి. అంతకంటే తేలిగ్గా తిరిగితే ప్లేట్లు పోయినట్టే.

హ్యూస్టన్_హెమీ
మేం చిన్నప్పటి నుంచీ ఇలాగే చూస్తున్నాం, ఎవరికీ ఏం కాలేదు.

అర్లింగ్టన్_అన్న
ఆ వాదన వద్దు బ్రదర్. ఈ చర్చ చదివి రేపు ఎవరో పిల్లాడు గ్యారేజీలో అదే చేస్తాడు. ఆ పోస్టు తీసేయమని అడుగుతున్నాను.

క్రౌన్‌విక్_అక్క
ఫోర్డ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మూత బోల్టుకి వేలాడే చిన్న రేకు ముక్క ఉంటుంది, తుప్పు గోకి చూడాలి. అంకెల మధ్య ఎల్ అక్షరం ఉంటే, ఉదాహరణకి 3ఎల్27, ట్రాక్షన్-లాక్ ఉన్నట్టు. నా 99 క్రౌన్ విక్టోరియాకి అలాగే దొరికింది. 98 నుంచి వెనక వాట్స్ లింకేజ్ (ఇరుసు పక్కలకి జరగకుండా పట్టే కడ్డీలు) వచ్చింది, కాబట్టి 97 వరకు ఉన్న బండ్ల ఇరుసు ఆ తర్వాతి వాటికి నేరుగా పట్టదు. ఇది చెప్పకుండా నాకు ఒకాయన 96 ఇరుసు అంటగట్టబోయాడు.

బిగించాక పార్కింగ్ లాట్‌లో మలుపు తిరిగితే వెనక నుంచి గుర్రుమని శబ్దం, బండంతా వణుకు. షాపు వాళ్లు ఇరుసే పోయిందన్నారు. గేర్ ఆయిల్‌తో పాటు ఫ్రిక్షన్ మాడిఫయర్ (క్లచ్ ప్లేట్లు పట్టేసి వణకకుండా కలిపే ద్రవం) నాలుగు ఔన్సులు పోసి, ఖాళీ లాట్‌లో ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పాను. శబ్దం పోయింది. ఆ షాపు మాట విని ఉంటే ఎంత డబ్బు పోయేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బఫెలో_బాబాయ్
మాడిఫయర్ ఎక్కువ పోస్తే క్లచ్ జారిపోయి పోజీ ఉన్నా లేనట్టే అవుతుందమ్మా. నేనైతే చప్పుడు రాని మేరకే, కొంచెం కొంచెంగా పోస్తాను.

క్రౌన్‌విక్_అక్క
ఫోర్డ్ 8.8కి నాలుగు ఔన్సులని మాన్యువల్లోనే ఉంది బాబాయ్. మీ ఓల్డ్స్ లెక్క మీది.

కొలంబస్_కాప్రిస్
బ్రేకుల గురించి ఎవరూ చెప్పలేదు. ఈలోగా ఇక్కడ యార్డులో ముందు భాగం నుజ్జయిన 96 ఇంపాలా ఎస్ఎస్ కనబడింది. మూత విప్పడానికి వాళ్లు ఒప్పుకోలేదు. ఆయిల్ పోసే ప్లగ్ మాత్రం తీయనిచ్చారు. ఫోనుకి తగిలించే సన్న కెమెరా వైరు ఆ రంధ్రంలోంచి దూర్చాను. ఆయిల్ నల్లగా ఉంది, గేరు పళ్ల మీద గీతల్లేవు, కిటికీలో స్ప్రింగులు రెండు స్పష్టంగా కనిపించాయి. చక్రాలు రెండూ ఒకే వైపు తిరుగుతున్నాయి.

టోలెడో_టార్క్
కొనేయ్. ప్లగ్‌కి అంటిన ఇనుప పొడి వేళ్ల మధ్య రుద్ది చూడు. మెత్తటి బూడిదలా ఉంటే మామూలు అరుగుదల, గుచ్చుకునే పెచ్చులుంటే బేరింగ్ పోయినట్టు. ఎప్పుడైనా లోపలికి వెళ్లాల్సి వస్తే 8.5లో రింగ్ గేర్ బోల్టులు ఉల్టా మర అని గుర్తుపెట్టుకో, లేకపోతే వదులు చేస్తున్నాననుకుంటూ బిగించి విరిచేస్తావు. సైడ్ బేరింగుల దగ్గర ఫ్యాక్టరీ షిమ్ములు (సందు సరిచేసే బిళ్లలు) పోత ఇనుము, సుత్తితో కొడితే పగులుతాయి. కుడివి కుడికి, ఎడమవి ఎడమకి విడిగా కట్టిపెట్టుకో.

అర్లింగ్టన్_అన్న
బ్రేకులకి: క్యాలిపర్లు, హోసులు, పార్కింగ్ బ్రేక్ కేబుళ్లు అన్నీ ఆ ఎస్ఎస్ నుంచే ఇరుసుతో పాటు తెచ్చుకో. డ్రమ్ కేబుల్ డిస్కుకి కుదరదు. ముందు వెనక చక్రాలకి ప్రెజర్ పంచే వాల్వు డ్రమ్ బండికి వేరు, డిస్కు బండికి వేరు. అది కూడా విప్పుకురా. ఫ్లాంజ్ (చక్రం బిగించే అంచు) నుంచి ఫ్లాంజ్ వరకు నీ ఇరుసునీ దాన్నీ టేపు పెట్టి కొలిచాకే డబ్బు కట్టు.

నాష్‌విల్_నట్టు
చక్రాలు ఒకే వైపు తిరిగాయన్నాడు చూశారా? నా టెస్టు పనికొచ్చింది.

టోలెడో_టార్క్
ఒకే వైపు తిరిగితే పోజీయేనని నేనెప్పుడూ ఒప్పుకుంటాను. ఎదురు తిరిగినప్పుడు పారేయొద్దనే నా మాట. పైకెళ్లి మళ్లీ చదవండి.

మోపార్_మావయ్య
ఎవరి దగ్గరైనా 489 కేసులో 3.23 షూర్-గ్రిప్ ఉంటే చెప్పండి. డెట్రాయిట్ నుంచి ట్రక్కు వేసుకుని వచ్చి తీసుకెళ్తాను. కేసు గట్టిగా ఉండి గేరు పళ్లు బాగుంటే బేరం ఆడను.