ఆదివారం అనుబంధానికి కథ పంపాక జవాబు కోసం ఎన్నాళ్లు ఆగాలి?

కూకట్‌పల్లి కొత్తపేజీ:
ఉగాదికి ముందు ఒక దినపత్రిక ఆదివారం అనుబంధానికి మెయిల్‌లో కథ పంపాను. అందినట్టు కూడా కబురు లేదు. ఇదే కథ ఇంకో పత్రికకు పంపొచ్చా? ఆఫీసు సిటీలోనే ఉంది, వెళ్లి కనుక్కుంటే బాగుంటుందా? తీసుకోకపోతే ఆ మాటైనా చెప్పరా?

పాత డెస్కు:
చాలాచోట్ల చెప్పరండీ. ‘ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు’ అని వేసేది అందుకే. వారానికి పడేది ఒకటో రెండో కథలు, వచ్చేవి కుప్పలు. ఎంపికైన కథకు కూడా వెంటనే కబురు రాదు. బొమ్మ వేయించాలి, పేజీ దొరకాలి. ప్రకటనలు ఎక్కువ పడిన వారం ముందుగా వాయిదా పడేది కథే. పైగా అనుబంధం పేజీలు మెయిన్ పేపర్‌తో పాటు శనివారం రాత్రి అచ్చయ్యేవి కావు, చాలా ముందే కట్టేస్తారు. అందుకే దసరా కథ సెప్టెంబరులో పంపితే ఆ ఏటికి లేనట్టే. జూన్‌లో పంపాలి.

పత్రిక తన గడువు వేసి ఉంటే అదే లెక్క. లేకపోతే మూడు నెలలు ఆగి ఒక్క మెయిల్ పెట్టండి. మొదట పంపిన మెయిల్‌కే రిప్లై కొడితే పాత తేదీ కింద కనిపిస్తుంది. రిప్లైలో అటాచ్‌మెంట్ తనంతట తాను వెళ్లదు, కథ మళ్లీ జత చేయాలి. కథ పేరు, పంపిన తేదీ, ఫోన్ నంబరు చాలు. కథ ఎంత బాగుందో మీరు చెప్పక్కర్లేదు. ఆఫీసుకు మాత్రం వెళ్లొద్దు. గేటు దగ్గరే కవరు తీసుకుని పంపేస్తారు.

అక్షరదోషం:
అసలు చదవకుండానే పక్కకు పోయే కథలూ ఉంటాయి, ముందు ఫైలు సంగతి చూసుకోండి. అచ్చుపనికి వాడే అను ఫాంట్లో కొట్టిన వర్డ్ ఫైలు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులే. యూనికోడ్‌లో (ఫోన్‌లో కొట్టే మామూలు తెలుగు) వర్డ్ ఫైలు, దాంతో పాటు అదే కథ పీడీఎఫ్, రెండూ పంపండి. పీడీఎఫ్ ఒక్కటే పంపితే అందులోంచి కాపీ చేసినప్పుడు గుణింతాలూ వత్తులూ చెదిరిపోతాయి, డెస్కు మళ్లీ టైపు చేయించుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? అను నుంచి కన్వర్టర్‌తో మార్చిన కథైతే మొదటి అక్షరం నుంచి చదువుకోవాల్సిందే, వత్తులు అక్కడక్కడా మారిపోతాయి. ఫైలుకు ‘ఫైనల్ 2’ అని కాక కథ పేరు, మీ పేరు పెట్టండి.

హామీ పత్రం జత చేశారా? కథ సొంతం, అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని రాసి సంతకం పెట్టాలి. ఫేస్‌బుక్‌లోనో ప్రతిలిపి యాప్‌లోనో పెట్టిన కథ చాలా పత్రికల లెక్కలో ప్రచురితమైనట్టే. పారితోషికం కోసం బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడా మొదటి మెయిల్‌లోనే ఇచ్చేయండి.

నల్లకుంట పాఠకుడు:
మూడు నెలల లెక్క పోటీ కథలకు పనికిరాదు. ఫలితాలు వచ్చాక కూడా కొన్నిటిని ‘సాధారణ ప్రచురణకు’ అట్టిపెట్టుకుంటారు. ఆ జాబితా చూడకుండా బయటికి పంపొద్దు.

‘పరిశీలనలో లేదు’ అని సంతకం పెట్టాక, మొదటి పత్రిక నుంచి వెనక్కి తీసుకోకుండా రెండోదానికి పంపితే ఆ హామీ అబద్ధమవుతుంది. ‘ఫలానా తేదీన పంపిన ఫలానా కథను ఉపసంహరించుకుంటున్నాను, దయచేసి పరిశీలించవద్దు’ అని రాసి, వారం పది రోజులు ఆగి పంపండి. ఒకే కథ రెండు చోట్ల పడితే ఇద్దరు ఎడిటర్లూ మీ పేరు గుర్తుపెట్టుకుంటారు, మంచికి కాదు.

పోస్టులో పంపేవాళ్లకు: 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. రసీదు మీద ఉన్న నంబరుతో కవరు చేరిందో లేదో ఇండియా పోస్ట్ సైటులో చూసుకోవచ్చు. అది కవరు అందిందనడానికే రుజువు. చదివారో లేదో దాంతో తెలియదు. పాత చిరునామాల జాబితాలు నమ్మకండి, కథల మాసపత్రిక ‘విపుల’ 2021లోనే ఆగిపోయింది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి తాజా సంచికలోంచే మెయిల్ ఐడీ రాసుకోండి. ఈమాట లాంటి వెబ్ పత్రికల పద్ధతి వేరు, అక్కడ కథను సమీక్షించి మార్పులు సూచిస్తారు.

కూకట్‌పల్లి కొత్తపేజీ:
ఉపసంహరణ మెయిల్‌కీ జవాబు రాకపోతే?

పాత డెస్కు:
రాదు, రానక్కర్లేదు కూడా. మెయిల్ బౌన్స్ కాలేదని చూసుకోండి, సెంట్ ఫోల్డర్లోంచి చెరపకండి. అప్పటికే పేజీ కట్టేసి ఉంటే కథ పడినా పడుతుంది, అదీ మీకు చెప్పకుండా. అందుకని కొన్ని వారాల పాటు ఆదివారం ఈ-పేపర్ తిరగేయండి. కనిపిస్తే అదే రోజు రెండో పత్రికకు రాసి కథ ఆపించండి.