డాబా మీద సోలార్ ఉన్నవాళ్లు లైన్ల ఖర్చు కట్టాలా, అక్కర్లేదా?

సత్యనారాయణపురం మాస్టారు: మా వీధిలో ఆరు ఇళ్ల మీద ప్యానెళ్లు వచ్చాయి. మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. నెట్ మీటర్ (ప్యానెళ్ల నుంచి లైన్లోకి వెళ్లిన యూనిట్లను వాడుకున్న యూనిట్లలోంచి తీసేసే మీటరు) వల్ల బిల్లు బాగా తగ్గిందట, మంచిదే. కానీ రాత్రి వాళ్లకూ కరెంటు వచ్చేది అవే స్తంభాల మీదుగా, అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. ఆ ఖర్చులో వాళ్ల వాటా ఎంత? ఎన్ని యూనిట్లు వాడినా నెలనెలా పడే ఫిక్స్‌డ్ ఛార్జీని వాళ్లకు కొంత పెంచమని అర్జీ పెట్టాలంటాను.

పటమట రమణ: లక్షకు పైగా సొంత డబ్బు పెట్టాను మాస్టారూ. నెట్ మీటర్ కోసం ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. డాబా మీద ప్యానెళ్లు ఎండుతూనే ఉన్నాయి, కింద పాత మీటరు తిరుగుతూనే ఉంది, ఫుల్ బిల్లు కట్టాను. అప్పుడు నా వాటా ఎవరూ అడగలేదే! మే నెల మధ్యాహ్నం పక్కింటి ఏసీకి వెళ్లేది నా కరెంటే.

సత్యనారాయణపురం మాస్టారు: మధ్యాహ్నం సంగతి ఒప్పుకుంటాను. నేననేది రాత్రి ఏడింటి సంగతి. అందరూ ఇంటికొచ్చి ఏసీలు వేసేసరికి ఎండ ఉండదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు మండాల్సిందే. పగటి యూనిట్‌కు రాత్రి యూనిట్ చెల్లు అనడం సరికాదు.

పటమట రమణ: అందరికీ 78,000 రాదు. రెండు కిలోవాట్లకు 60,000. నాది రెండే.

సత్యనారాయణపురం మాస్టారు: మూడుకని రాశాను కదా, చదవండి.

గుంటూరు కొత్తపేట: 2019లో పాత సోలార్, గాలి కరెంటు ఒప్పందాల రేట్లు తగ్గించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చూస్తే 2022లో హైకోర్టు ఒప్పుకోలేదు. కంపెనీలకిచ్చిన మాట తప్పకూడదంటే ఇంటివాళ్లకిచ్చిన మాటా తప్పకూడదు.

పటమట రమణ: అదీ మాట! మాస్టారూ, అసూయ ఎందుకు? మీ ఇంటి మీదా పెట్టించుకోండి.

సత్యనారాయణపురం మాస్టారు: ఏ ఇంటి మీద రమణా? ముప్పై ఏళ్లుగా అద్దె పోర్షన్‌లో ఉంటున్నాను. డాబా ఓనరుది. సబ్సిడీ సొంతిల్లు ఉన్నవాళ్లకే. నా బిల్లులో ఇంధన సర్దుబాటు ఛార్జీ (బొగ్గు లాంటి ఇంధనం ఖర్చు పెరిగితే వేసేది) మాత్రం పడుతూనే ఉంది. అది కట్టలేక కూలర్ ఆపేసిన రోజులున్నాయి. అసూయ అంటారా దీన్ని?

సింగ్‌నగర్ లక్ష్మి: మాదీ అదే పరిస్థితి. మా ఓనరు డాబా మీద బట్టలే ఆరేయనివ్వడు.

పటమట రమణ: మాస్టారూ, అసూయ అని నేను అనకూడదు, తప్పే. అద్దె సంగతి నాకు తెలియదు. కానీ నా మీద ఛార్జీ పెంచితే మీ బిల్లు తగ్గుతుందని ఎవరైనా రాసిస్తారా? ఊరవతల ప్లాంటు పెట్టి అందులో అద్దెవాళ్లకు వాటా ఇవ్వమనండి, ఆ యూనిట్లు వాళ్ల బిల్లులో కొట్టేయమనండి. ఆ అర్జీ మీద సంతకం పెడతాను. ఫిక్స్‌డ్ ఛార్జీ అర్జీ మీద మాత్రం పెట్టను.