కార్నీకి ఒక తూకం, పొయిలివర్‌కు ఇంకో తూకమా? కెనడా మీడియాపై మీ అనుభవాలు చెప్పండి

ఎడ్మంటన్ నాన్న:
2025 ఏప్రిల్ 28 ఎన్నికల్లో లిబరల్ పార్టీకి 169, కన్సర్వేటివ్‌లకు 144 స్థానాలు వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో ఇదే వాదన. లిబరల్ నాయకుడు మార్క్ కార్నీని మీడియా నెత్తిన పెట్టుకుందనీ, కన్సర్వేటివ్ నాయకుడు పియర్ పొయిలివర్‌ను మొదటి నుంచీ తగాదాకోరుగానే చూపిందనీ నేను అంటాను. మా అబ్బాయి ఒప్పుకోడు. మీకేమనిపించింది? కొత్తగా ఓటు వచ్చిన పిల్లలకు ఏ పత్రిక చదవమని చెబుతున్నారు?

కాల్గరీ పాతకాపు:
ఇందులో అడగవలసిందేముంది? 2024 సెప్టెంబరులో సీటీవీ చానెల్ ఏం చేసిందో మరిచిపోయారా? కార్బన్ పన్నుపై ఎన్నికలు కోరుతూ పొయిలివర్ అన్న మాటలను కత్తిరించి, అతికించి, ప్రభుత్వ దంతవైద్య పథకం కారణంగానే ఆయన అవిశ్వాస తీర్మానం పెడుతున్నట్టు ప్రసారం చేశారు. తర్వాత సంస్థ క్షమాపణ చెప్పింది, ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. మాటలు వాటంతట అవే అతుక్కోవండీ, ఎవరో కూర్చుని అతికించాలి.

ఒట్టావా ఓటరు:
ఆ అతుకును నేనూ సమర్థించను. కానీ 2025 ప్రచారంలో కన్సర్వేటివ్‌లు విలేకరులను తమ విమానం ఎక్కనివ్వలేదు, సమావేశానికి నాలుగు ప్రశ్నలకు మించి తీసుకోలేదు. తలుపు తామే మూసి, ఎవరూ పలకరించలేదని నిష్ఠూరమాడితే ఎలా? అదే మార్చిలో లండన్‌లో తన ఆస్తుల గురించి గుచ్చి అడిగినప్పుడు కార్నీ చిరాకు పడటం దేశమంతా చూసింది. అడిగినవారిలో ప్రభుత్వ నిధులతో నడిచే ప్రసార సంస్థ సీబీసీకి చెందిన రోజ్‌మేరీ బార్టన్ ఉన్నారు.

కాల్గరీ పాతకాపు:
సీబీసీ పేరెత్తారు కనుక చెబుతున్నాను. ఏటా సుమారు 140 కోట్ల డాలర్ల ప్రజాధనంతో నడిచే సంస్థ అది. దాని ఆంగ్ల విభాగానికి నిధులు ఆపేస్తానన్న నాయకుడు పొయిలివర్, మరో 15 కోట్లు ఇస్తానన్న నాయకుడు కార్నీ. తన జీతం ఎవరి గెలుపుతో ముడిపడి ఉందో తెలిసిన విలేకరి ఇద్దరినీ ఒకేలా చూస్తాడని నేనెలా నమ్మాలి?

మిసిసాగా శారద:
మరి మీ ఊరి కాల్గరీ హెరాల్డ్ ఎవరిదండీ? అదీ, ఎడ్మంటన్ జర్నల్, ఒట్టావా సిటిజన్, నేషనల్ పోస్ట్ కూడా పోస్ట్‌మీడియా కంపెనీవే. అందులో పెద్ద వాటా ఒక అమెరికా హెడ్జ్ ఫండ్‌ది, అంటే ధనవంతుల సొమ్ముతో నడిచే పెట్టుబడి సంస్థది. విలేకరుల జీతాలపై ప్రభుత్వమిచ్చే పన్ను రాయితీ ఆ పత్రికలకూ అందుతోంది. ప్రజాధనం మీకు సీబీసీలో మాత్రమే కనిపిస్తోంది.

కాల్గరీ పాతకాపు:
హెరాల్డ్‌ను నాకు అంటగట్టకండి. ఆ పత్రిక మా గుమ్మం తొక్కి ఆరేళ్లయింది.

మాజీ డెస్కు:
హైదరాబాదులో ఒక దినపత్రిక డెస్కులో పదకొండేళ్లు పనిచేశాను. మొదటి పేజీకి ఫోటో ఎంచడమంటే ఏమిటో నాకు తెలుసు. 1974 ఎన్నికల ప్రచారంలో నార్త్ బే ఊళ్లో అప్పటి కన్సర్వేటివ్ నాయకుడు రాబర్ట్ స్టాన్‌ఫీల్డ్ ఇక్కడి తరహా, చేత్తో పట్టే ఫుట్‌బాల్ ఆడితే, డగ్ బాల్ తీసిన ఫోటోల్లో ఆయన బంతిని చక్కగా పట్టుకున్నవీ ఉన్నాయి. గ్లోబ్ అండ్ మెయిల్ మొదటి పేజీలో పడింది మాత్రం, మోకాళ్లు వంచి, ముఖం చిట్లించి, చేతుల్లోంచి బంతి జారవిడిచిన ఫోటో. అబద్ధం ఒక్కటీ లేదు, అయినా అన్యాయమే. మీరు యాజమాన్యాల లెక్కలు తీస్తున్నారు, అసలు పక్షపాతం ఎంపికలో ఉంటుంది.

బ్రాంప్టన్ రవి:
స్టాన్‌ఫీల్డ్ ఓడింది ఫోటో వల్ల కాదు, ధరలనూ జీతాలనూ నియంత్రిస్తానన్న వాగ్దానం వల్ల. దాన్ని ఎగతాళి చేసి గెలిచిన లిబరల్ ప్రధాని పియర్ ట్రూడో 1975లో అదే అమలు చేశారు. డెస్కు అనుభవం చెప్పుకునేముందు చరిత్ర చదవండి.

మాజీ డెస్కు:
ఫోటో వల్ల ఓడారని నేనెక్కడ రాశాను? నా పోస్టు మరోసారి చదివి, అప్పుడు మాట్లాడండి.

ఎడ్మంటన్ నాన్న:
పత్రిక సంగతి ఎవరూ చెప్పలేదు. 2023 ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లు ఇక్కడ వార్తల లింకులు ఆపేశాక, మావాడికి చేరేవన్నీ ఎవరో కత్తిరించిన నిమిషం ముక్కలే. ఇద్దరం చెరొక ముక్క పట్టుకుని వాదించుకుంటున్నాం.

ఒట్టావా ఓటరు:
పత్రిక తర్వాత చూద్దాం, ముందు పార్లమెంటు, రాజకీయ కార్యక్రమాలు చూపే సీపాక్ చానెల్ పెట్టండి. విలేకరుల సమావేశాలు కోత లేకుండా వస్తాయి. ఇద్దరు నాయకులవీ ఒక్కోటి మొదటి నుంచి చివరి దాకా అబ్బాయితో కలిసి చూడండి.

కాల్గరీ పాతకాపు:
చూడండి. కానీ 2025 ఏప్రిల్ 17న నాయకుల ఆంగ్ల టీవీ చర్చ తర్వాత విలేకరులతో నాయకుల సమావేశాలు ఎందుకు రద్దయ్యాయో కూడా అబ్బాయికి చెప్పండి. ఆ రోజు తలుపు మూసింది పొయిలివర్ కాదు, చర్చ నిర్వహించిన కమిషన్.