నాలుగు గ్లాసులకూ "బాగుంది" అనే రాశాను. వైన్‌లో తేడా పట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
నిన్న మొదటిసారి వైన్ టేస్టింగ్‌కి వెళ్లానండి. రెండు తెల్లవి, రెండు ఎర్రవి పోశారు. పక్కన కూర్చున్నావిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే బ్లాక్‌బెర్రీ, తోలు, మిరియాలు అంటూ గబగబా రాసేసుకుంటున్నారు. నాకు నాలుగింటిలోనూ వైన్ వాసనే వచ్చింది. ఆవిణ్ణి చూసేకొద్దీ టెన్షన్ పెరిగింది. చివరికి నా కాగితం మీద నాలుగుసార్లు "బాగుంది" అనే ఉంది. నిజంగా నేర్చుకోవాలని ఉంది. నా ముక్కులో ఏదైనా లోపమా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
లోపం కాదండి. చాలా ఏళ్లుగా కొత్తవాళ్లకు టేస్టింగ్ నేర్పుతున్నాను. అందరూ ముందు వాసనల పేర్ల వెంట పడి అలసిపోతారు. మీరు వాసనల్ని కొన్నాళ్లు పక్కన పెట్టి నోటితో మొదలుపెట్టండి.

మొదట వగరు. మన భాషలో ఈ మాట ఉండటం ఎంత మేలో నేర్పేటప్పుడు తెలుస్తుంది. చేదు వేరు, వగరు వేరు అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎర్ర వైన్‌లో వగరు టానిన్ల వల్ల వస్తుంది. అవి ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉంటాయి. ఎర్ర వైన్‌ని తొక్కలతో సహా పులియబెడతారు. తెల్లదానికైతే మామూలుగా ముందే రసం పిండేసి తొక్కలు తీసేస్తారు. అందుకే తెల్లవాటిలో వగరు అంతగా తగలదు.

ఒక పని చేయండి. పాలూ పంచదారా లేకుండా బ్లాక్ టీ పెట్టి, ఆకు పది నిమిషాలు అలాగే వదిలేయండి. చల్లారాక ఒక గుక్క నోరంతా తిప్పి మింగండి. బుగ్గల లోపల గరుకుగా, చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుంది. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోటిలో ఆ జారుడుతనం పోతుంది. వైన్‌లో వెతకాల్సింది సరిగ్గా ఇదే.

తర్వాత పులుపు. మింగేశాక ఆగి, నాలుక పక్కల నుంచి నీళ్లు ఎంతసేపు ఊరుతున్నాయో చూడండి. వగరు నోటిని ఎండబెడుతుంది, పులుపు ఊరిస్తుంది. ఈ రెండూ విడివిడిగా పట్టుబడితే సగం పని అయినట్టే.

ఇంకో మాట, ఒక్క గ్లాసుతో కూర్చోకండి. పినో నువార్, కాబెర్నే సావిన్యోన్ అనే రెండు ఎర్ర వైన్లు పక్కపక్కన 50 మిల్లీలీటర్ల చొప్పున పోసుకుని, ఏది ఎక్కువ వగరు అని మాత్రం అడగండి. "ఇందులో ఏముంది" అంటే జవాబు తోచదు. "ఏది ఎక్కువ" అంటే నోరే చెబుతుంది.

జవాబు 2:
పైవారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చల్లదనం కూడా చూసుకోండి. తెల్ల వైన్ ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగితే వాసన పైకి రాదు, కాసేపు ఆగాలి. ఎర్రవి 15-18 డిగ్రీల దగ్గర బాగుంటాయి.

మిరియాల గురించి బాధపడకండి. సిరా (Syrah) అనే ఎర్ర వైన్‌లో ఆ వాసన రోటండోన్ అనే పదార్థం వల్ల వస్తుంది. మిరియాల్లో ఉండేదీ అదే. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని బయటపెట్టినప్పుడు, పరీక్షించినవాళ్లలో సుమారు ఐదో వంతు మందికి ఆ వాసన అస్సలు తెలియలేదు. పేర్లు కావాలనిపించినప్పుడు వైన్ శాస్త్రవేత్త ఆన్ నోబుల్ 1984లో తయారుచేసిన అరోమా వీల్, అంటే వైన్ వాసనల పేర్లను చక్రంలా పేర్చిన పటం, చూడండి. "పండు" నుంచి మొదలై "సిట్రస్", అక్కణ్ణుంచి "నిమ్మ" వరకు మెల్లగా తీసుకెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు:
టీ ప్రయోగం చేశానండి. ఆ తర్వాత కాబెర్నే ఒక గుక్క తాగితే పై పెదవి పళ్లకు అతుక్కున్నట్టయింది. వగరు అని రాసుకున్నాను! పినో నువార్‌లో మాత్రం పండు వాసనే లేదు, వానలో తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. ఇది నా ఊహేనా?

జవాబు 1:
ఆ సీసాకి కార్క్ బిరడాయేనా? అయితే ఊహ కాకపోవచ్చు. కార్క్‌లో టీసీఏ అనే పదార్థం చేరితే వైన్‌కి సరిగ్గా ఆ వాసనే పడుతుంది, పండు వాసన అణిగిపోతుంది. తాగితే హాని లేదు, కానీ నేర్చుకోవడానికి పనికిరాదు. ఇంకో సీసా తెరిచి రెండూ పక్కపక్కన వాసన చూడండి, ఏం తేలిందో ఇక్కడ రాయండి.