మార్చింగ్ బ్యాండ్‌లో పిల్లలున్నవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. మేముండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. మా అమ్మాయి ఈ ఏడాది నైన్త్ గ్రేడ్. క్లారినెట్ వాయిస్తుంది, హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో చేరింది. మాకేమో బ్యాండ్ అంటే పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం, అంతే తెలుసు.

సమ్మర్ క్యాంప్ మొదలై వారమైంది. పొద్దున్నే పెద్ద నీళ్ల జగ్గు, టోపీ, సన్‌స్క్రీన్ పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి దిగుతుంది. సరిగ్గా ఎనిమిది అడుగుల్లో 5 గజాలు నడవాలట, వాయిస్తూనే! నిన్న సాక్స్ విప్పితే చీలమండ దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు రెండు రంగులు. వీడియో కాల్‌లో చూసి వాళ్ల నానమ్మ ఒకటే గొడవ.

బడి తెరిచాక క్లాసు టైము కాకుండా ప్రాక్టీసు వారానికి 8 గంటలే అని యూఐఎల్ (టెక్సస్‌లో స్కూళ్ల మధ్య పోటీలు నడిపే సంస్థ) రూల్ ఉందట. మరి బ్యాండ్ వెళ్లి వాయించే శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, శనివారం బ్యాండ్ పోటీలు అందులోకి రావా? రాత్రి ఇంటికొచ్చేసరికి ఎన్నవుతుంది? మార్కులు 70 కన్నా తగ్గితే పోటీలకు పంపరంటున్నారు, నాకు అదే టెన్షన్. శనివారం కూచిపూడి క్లాసు నవంబరు దాకా మానిపించాలా?

ఫీజు కట్టేశాం. బూట్లు, రీడ్లు (క్లారినెట్ ఊదేచోట బిగించే పల్చటి బద్దలు) కాక ఇంకేం ఖర్చులుంటాయి? పేరెంట్స్‌ని వాలంటీర్లుగా రమ్మంటున్నారు. ఫుట్‌బాల్ ఓనమాలు కూడా రాని నాలాంటివాళ్లకు అక్కడ ఏం పని చెబుతారండీ?